ముందు మట్టి సంగతి అడిగిన నర్సరీ

ఫిబ్రవరి 9న నెల్లిమర్ల రోడ్డు మీద ఉన్న ఈ నర్సరీకి పదిహేను వందల రూపాయలు పట్టుకుని వెళ్లాను. గులాబీలు ఆరు, మందారాలు రెండు, పూలతో ఉన్న చామంతి కుండీలు నాలుగు కొనాలని ఇంటి దగ్గరే లెక్క వేసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు నా సంచిలో ఉన్నవి కిలో ట్రైకోడెర్మా పొడి, ఐదు కిలోల వేపపిండి, పావుకిలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, మొక్కకి ఇనుము అందించేది), ఒక చిన్న పొట్లం నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). మొత్తం 430 రూపాయలయింది. మొక్క ఒక్కటి కూడా లేదు. అడిగాను, ఇవ్వనన్నారు.

దారంతా కోపంగానే ఉంది. సెలవు చూసుకుని, ఆటో ఎక్కి, అంత దూరం వెళ్లి మొక్క లేకుండా రావడం ఎవరికైనా బాధగానే ఉంటుంది. ఇప్పుడు ఏప్రిల్ నెలాఖరు. ఆ రోజు వాళ్లు మొక్కలు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

మాది విజయనగరం పూల్‌బాగ్. పేరులోనే పూలతోట ఉన్న పేట. ఇంటి ముందు ప్రహరీ వెంట 14 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు నేల ఉంది. తూర్పు ముఖం, ఉదయం నుంచి పన్నెండు దాకా మంచి ఎండ తగులుతుంది. మేడ మీద ఇంకో పద్దెనిమిది కుండీలు. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. నా మిషన్ కిటికీ పక్కన ఉంటుంది, తల ఎత్తితే ఆ మడే కనిపిస్తుంది. మా అత్తగారికి 78 ఏళ్లు. ప్రతి మంగళవారం పైడితల్లి అమ్మవారికి ఇంటి పూలతో దండ కట్టడం ఆవిడకి కోడలిగా వచ్చిన రోజు నుంచీ అలవాటు. ఇప్పుడు నడవలేరు. దండ ఆవిడ కడితే, మూడు లాంతర్ల దగ్గర చదురుగుడికి నేను తీసుకెళ్తాను. కిందటి జూలై నుంచి మాత్రం గంటస్తంభం దగ్గర కొన్న పూలే. ఆవిడ ఏమీ అనలేదు, కానీ కొన్న పూలు కట్టేటప్పుడు ఆవిడ చేతులు తొందరగా పని ముగించేసేవి. అది నాకు కనిపించేది.

జూలైలో ఏం జరిగిందంటే, వానలకి ప్రహరీ ఒరిగిపోతే కొత్తది కట్టించాం. ఆ తర్వాత మందారం ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. గులాబీ మొగ్గ వేసి, విచ్చకుండానే రాల్చేసేది. కనకాంబరం రెండు నెలల్లో పోయింది. బలం చాలలేదనుకుని యూరియా వేశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇంటి ముందుకి బండి మీద వచ్చే మొక్కలు కూడా రెండుసార్లు కొని పెట్టాను. అవీ నిలవలేదు.

నర్సరీ విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లే రోడ్డు మీద ఎడమ చేతి వైపు ఉంది. బోర్డు లేదు. ఆకుపచ్చ షేడ్‌నెట్, దాని వెనక పశువుల పాక, ఒక బోరు. అర ఎకరం ఉంటుందేమో. అరవై దాటిన ఒకాయన, ఆయన భార్య, ఒక కుర్రాడు, అంతే మనుషులు. నేను బాబాయ్, పిన్ని అనే పిలుస్తున్నాను, వాళ్లూ అలాగే పలుకుతారు.

ఆ రోజు గులాబీలు ఎంచి ఒక పక్కన పెట్టుకుంటుంటే ఆయన వచ్చి, "పాత మొక్కలకేటయిందమ్మా?" అని అడిగారు. ఫోన్‌లో మందారం ఫొటో చూపించాను. ఫోన్ చేతిలోకి తీసుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి, చాలాసేపు చూశారు.

"ముదురాకు పచ్చగుంది. లేతాకు పసుపుగుంది. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. గోడ గాని కట్టారేటమ్మా ఈమధ్యన?"

నేను గోడ సంగతి చెప్పనే లేదు. ఒక్క ఆకు చూసి అడిగారు.

"సిమెంటు ఈ మట్టి మీదే కలిపారా?"

అవును, అక్కడే కలిపారు. మడి మీద రేకు కూడా వేయకుండా కలిపారు. పాత గోడ సున్నం పెళ్లలు కూడా అందులోనే వేసి పైన మట్టి కప్పేశారు. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో క్షారం పెరుగుతుందని, అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదని ఆయన చెప్పారు. నత్రజని తక్కువైతే ముందు ముదురాకులు పసుపవుతాయి. ఇనుము అందకపోతే ముందు లేతాకులు పసుపవుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి. ఈ తేడా తెలియక నేను ఆరు నెలలు తప్పు మందు వేశాను. తేడా తెలిసి ఉంటే యూరియా డబ్బులు మిగలడమే కాదు, కనకాంబరం కూడా బతికేదేమో.

"మొక్క నేను ఇచ్చీగలను. నీ మట్టిలో బతకదు. రేపు నన్నే తిడతావు" అన్నారు. ఇంటికెళ్లి మడిలో ఒక తెల్ల గడ్డ తీసి నిమ్మకాయ పిండి చూడమన్నారు. పిండాను. బుసబుసమని నురగ వచ్చింది. మా అత్తగారు అరుగు మీద నుంచి చూసి, "సున్నమే అది" అన్నారు. అప్పటికి నా కోపం పోయింది.

ఇక్కడి నుంచి పని మొదలైంది. పని చెప్పడం కూడా ఈ నర్సరీ ఇచ్చే సేవలో భాగమే కాబట్టి వివరంగా రాస్తాను.

ఒక అడుగు లోతు మట్టి మొత్తం తీయించాను. ఒక కూలీ మనిషికి రెండు రోజులు పట్టింది. ఇటుక ముక్కలు, సున్నం గడ్డలు, గట్టిపడిన సిమెంటు పలకలు తట్టలు తట్టలు వచ్చాయి. దాని స్థానంలో అర ట్రాక్టరు ఎర్రమట్టి పోయించాను. చెరువు మట్టి బలమని మా ఆయన అన్నారు గానీ, ఒట్టి చెరువు మట్టి పోస్తే ఎండాకాలం రాయిలా బిగిసిపోయి నెర్రెలిస్తుందని, నాలుగు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు మించొద్దని బాబాయ్ ముందే హెచ్చరించారు. అలాగే కలిపాం.

గత్తం, అంటే మాగిన పశువుల ఎరువు, వాళ్ల దగ్గరే కొన్నాను, బస్తా 60 రూపాయలు, పది బస్తాలు. వాళ్ల సొంత పశువులది, ఏడాది మాగినది. బస్తా విప్పి చేతిలోకి తీసుకోమన్నారు. వేడి తగలకూడదు, పేడ వాసన రాకూడదు, గడ్డి పోచలు పోచల్లా కనబడకూడదు. చేతిలో టీ పొడిలా పొడిపొడిగా రాలింది. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగు వెంటబడతాయి. మా వీధిలో చాలామంది డెయిరీ నుంచి పేడ తెచ్చి నేరుగా పాదులో వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

ఆ పది బస్తాల్లో రెండు బస్తాలు, అంటే సుమారు 50 కిలోలు, విడిగా తీసి కిలో ట్రైకోడెర్మా, ఐదు కిలోల వేపపిండి కలపమన్నారు. తడి ఎంత ఉండాలంటే, గుప్పెడు పిసికితే ముద్ద కావాలి, నీరు కారకూడదు. దాన్ని నీడలో కుప్ప పోసి, తడి గోనె కప్పి, పదిహేను రోజులు ఉంచాలి. మధ్యలో ఒకసారి తిరగేయాలి. ట్రైకోడెర్మా అంటే మంచి చేసే శిలీంధ్రం. వేరుకుళ్లు, ఎండుతెగులు తెచ్చే చెడ్డ శిలీంధ్రాలను అది మట్టిలోనే అణిచిపెడుతుంది. పదో రోజు గోనె ఎత్తి చూస్తే కుప్ప మీద లేత ఆకుపచ్చ బూజు పరుచుకుని ఉంది. భయపడి ఫోన్ చేశాను. "అదే కావాలి మనకి. కప్పీ" అన్నారు పిన్ని. ఏ పూటా ఆవిడ ఫోన్ ఎత్తకపోవడం లేదు. ఈ నర్సరీకి నేను పూర్తి మార్కులు ఇచ్చేది ఈ విషయంలోనే.

మేడ మీద మందారాలకి కూడా అదే పసుపు జబ్బు ఉంది. గోడ కట్టాక మిగిలిన మట్టి వాటిలోనే నింపాను మరి. కుండీల్లో మట్టి మార్చి, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం పూట ఆకుల మీద కొట్టాను. పది రోజుల తర్వాత మళ్లీ ఒకసారి. వేరుశనగ పసుపెక్కితే రైతులు కొట్టేది ఇదే మందు. పాత పసుపు ఆకులు కొన్ని రాలిపోయాయి, కొత్త చిగురు మాత్రం పచ్చగా వచ్చింది. మొత్తం ఖర్చు యాభై రూపాయల లోపు.

ఇప్పుడు మల్లె గురించి. మా ఇంట్లో పాత నీళ్ల డ్రమ్ము సగానికి కోసి అందులో పెట్టిన బొండుమల్లె ఉంది. గోడ పనికి దూరంగా, నూతి పక్కన ఉండటం వల్ల అది ఒక్కటే బతికి బట్టకట్టింది. కానీ కిందటేడు పూలు తక్కువ. గత్తం తెచ్చిన గూడ్స్ ఆటోలోనే పిన్ని కూడా వచ్చారు, ఊళ్లో ఏదో పని ఉందని. మల్లె చూసి చెంగు నడుముకి దోపుకున్నారు.

"సంకురాత్రి ఎళ్లిన వారంలో కొయ్యాలి దీన్ని. నువ్వు మూడు వారాలు దాటించీసావు."

జనవరిలో అయితే మోకాలెత్తుకి కోసేయొచ్చట. ఆలస్యమయ్యాక అంత కిందికి కోస్తే చిగురుకే టైమంతా పోయి పూత వెనకబడుతుంది. అందుకని ఎండు పుల్లలు, లోపలికి పెరిగిన బక్క కొమ్మలు మొత్తం తీసేసి, మిగిలిన కొమ్మలు మూడో వంతు మాత్రమే తగ్గించారు. తర్వాత మిగిలిన ఆకులు కూడా ఒక్కొక్కటీ దూసేశారు. మా అత్తగారికి ప్రాణం పోయినంత పనయింది. "ఆకులుంటే మొక్క ఆకుల్నే సూసుకుంటాది వదినా. ఇప్పుడు సూడు, కొత్త చిగురుతో పాటే మొగ్గ వత్తాది" అన్నారు పిన్ని. వారం రోజులు నీళ్లు ఆపమన్నారు. తర్వాత పాదు తవ్వి, రెండు దోసిళ్లు వేపపిండి, ఒక తట్ట గత్తం వేసి నిండుగా నీళ్లు పెట్టమన్నారు. ఈ పనికి డబ్బులు తీసుకోలేదు, కాఫీ తాగి వెళ్లారు. మా అత్తగారూ ఆవిడా ఆ పది నిమిషాల్లోనే వదినా మరదళ్లైపోయారు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. మడి సిద్ధమైంది. మార్చి 2న మళ్లీ వెళ్లాను, ఈసారి ఆకు, గుప్పెడు మట్టి పొట్లం కట్టుకుని. మట్టి చూసి, నలిపి, వాసన చూసి, "ఇప్పుడు తీసుకెళ్లు" అన్నారు.

అప్పుడు కూడా ఆరు గులాబీలు ఇవ్వలేదు. వాళ్లు గులాబీ, మందారం మొక్కలు కడియం నుంచి తెప్పిస్తారు. గోదావరి గట్టు నుంచి లారీలో వచ్చిన మొక్కని పది రోజులు నీడలో ఉంచి, మన గాలికి అలవాటు పడ్డాకే అమ్ముతారు. ఆ వరస వేరుగా, తాడు కట్టి ఉంటుంది. నాకు నచ్చిన ముదురు ఎరుపు గులాబీలన్నీ తాడు అవతలే ఉన్నాయి. పూలు చూసి మనసు లాగుతుంది, కానీ పూలతో ఉన్న మొక్క వేరు నాటుకోవడానికి బలం మిగుల్చుకోదు. అది ఆయన మాట, నా అనుభవం కూడా. చివరికి ఒక అంటు గులాబీ 120 రూపాయలకి, ఒక నాటు గులాబీ 50 రూపాయలకి తీసుకున్నాను. అంటు గులాబీ కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అంటు కట్టిన ముడి మట్టికి పైనే ఉండాలి. ముడి కింద నుంచి వచ్చే చిగురు కింది అడవి మొక్కది, అది మొక్క బలమంతా లాగేస్తుంది, మనం కొన్న పువ్వు దానికి రాదు. మొదట్లోనే తీసేయాలి.

కవరు మెల్లగా జార్చి వేళ్లు చూపించడం నాకు బాగా నచ్చింది. ఏ నర్సరీలోనూ నేను అడగలేదు, వాళ్లూ చూపించలేదు. ఇక్కడ అడగకుండానే చూపించారు. మంచి మొక్కకి తెల్లని వేళ్లు మట్టి అంచున కనబడతాయి. కవర్లో ఎక్కువ కాలం ఉన్న మొక్కకి వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుని గోధుమరంగులో ఉంటాయి. పైన ఆకు ఒకేలా ఉంటుంది రెండింటికీ. నేను ఎంచిన మందారాల్లో ఒకటి అలా చుట్టలు చుట్టింది. ఆయనే పక్కన పెట్టి వేరేది ఇచ్చారు.

బంతి నారు 24 మొక్కలు, మొక్క 4 రూపాయలు. కనకాంబరం పది, మొక్క 10 రూపాయలు. లిల్లీ గడ్డలు పది. లిల్లీ అంటే నేలసంపెంగ, దండల్లో కట్టే తెల్లది. కనకాంబరం చుట్టూ బంతి పెట్టమన్నారు. కనకాంబరానికి పెద్ద శత్రువు వేళ్లకి పట్టే నులిపురుగు, బంతి వేళ్లంటే దానికి పడదు. అందంగా ఉంటుందని బంతిని వరసగా గేటు దగ్గర పెట్టాలనుకున్నాను, మార్చి కనకాంబరం మధ్య మధ్యలో పెట్టాను. కనకాంబరం పేరు చెప్తే నాకు చిన్నతనం గుర్తొస్తుంది. ఎండిన కాయల మీద నీళ్లు చల్లితే టప్ టప్‌మని పేలి గింజలు చిమ్మేవి. అమ్మ వాకిలి తడిపే వేళకి మేం పిల్లలం ఆ మొక్క చుట్టూ చేరేవాళ్లం.

చామంతి దగ్గర మాత్రం నేను నిజంగా కొత్త విషయం నేర్చుకున్నాను. పూలున్న కుండీలు వద్దని, పిలకలు తీసుకోమన్నారు. చలికాలం పూత అయ్యాక పాత మొక్కని నేల దగ్గరికి కోస్తే చుట్టూ పిలకలొస్తాయి, వాటిని విడదీసి ఈ నెలల్లో నాటుకుంటారు. పిలక 5 రూపాయలు, పన్నెండు తీసుకున్నాను. డబ్బులిస్తుంటే, "మీ గేటు దగ్గర వీధి లైటుందేటి?" అని అడిగారు. ఉంది. మున్సిపాలిటీ వాళ్లు పెట్టిన తెల్ల ఎల్‌ఈడీ లైటు, రాత్రంతా మా మడి మీదే పడుతుంది. అయితే చామంతి అక్కడ పెట్టొద్దన్నారు. చామంతి రాత్రి పొడుగుని బట్టి మొగ్గ వేస్తుంది. రాత్రంతా వెలుగు పడితే దానికి ఇంకా పగలే అనిపించి మొగ్గ కట్టదు. నాలుగేళ్ల క్రితం ఎల్‌ఈడీ వచ్చినప్పటి నుంచి మా గేటు చామంతి ఆకులు మాత్రమే ఎందుకు పెంచుతోందో అప్పుడు అర్థమైంది. ఈసారి పిలకలు పెరట్లో, చీకటి ఉండే వైపు పెట్టాను.

ఇప్పుడు లోపాలు. ఇవి కూడా అంతే స్పష్టంగా చెప్పాలి.

మొదటిది కోకోపీట్, అంటే దిమ్మగా అమ్మే కొబ్బరి పొట్టు. మార్చి 9న మేడ మీద కుండీల కోసం వెళ్తే బాబాయ్, పిన్ని ఏదో పెళ్లికి వెళ్లారు, కుర్రాడే ఉన్నాడు. ఐదు కిలోల దిమ్మ 220 రూపాయలకి ఇచ్చాడు. నీళ్లలో నానబెడితే పొంగుతుందని చెప్పాడు, అంతే. పొంగింది, పెద్ద టబ్బు నిండింది. అందులో నేరుగా జినియా గింజలు వేశాను. మొలకలు బాగానే వచ్చాయి, రెండో వారానికి ఆకు చివర్లు మాడిపోయి నలభై మొలకలు పోయాయి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. పీచు కోసం కొబ్బరి డొక్కల్ని ఉప్పునీళ్లలో నానబెట్టే చోట్ల నుంచి వచ్చిన పొట్టయితే మరీ ఎక్కువ. మూడు నాలుగుసార్లు మంచి నీళ్లతో కడిగి, పిండి, ఆ ఎర్ర నీరు పలచబడేదాకా పారబోశాకే వాడాలి. ఒట్టి కోకోపీట్‌లో బలం కూడా ఉండదు, వర్మీకంపోస్టు, మట్టి కలపాలి. ఇది అమ్మేటప్పుడు చెప్పాల్సిన మాట. పిన్నికి చెప్తే బాధపడి గింజలు మళ్లీ ఇచ్చారు గానీ, ఎండలు ముదిరే రోజుల్లో రెండు వారాలు పోవడమంటే చిన్న నష్టం కాదు. తర్వాతిసారి వెళ్లినప్పుడు దిమ్మల మీద అట్టముక్క కట్టి ఉంది, "మూడుసార్లు కడిగి వాడవలెను" అని స్కెచ్‌పెన్‌తో రాసి.

రెండోది బంతి. ముద్దబంతి అని ఇచ్చిన 24 మొక్కల్లో తొమ్మిది రేకబంతి అయ్యాయి. ఏప్రిల్ రెండో వారంలో పూసేదాకా తెలియలేదు. అడిగితే దాచకుండా చెప్పారు. కిందటేడు హైబ్రిడ్ పూల నుంచి సొంతంగా తీసిన గింజలట. హైబ్రిడ్ గింజ తల్లి పువ్వులాగే రాదని ఆయనకి తెలుసు. తెలిసినప్పుడు నారు అమ్మేటప్పుడే ఆ మాట అనాలి. ఇంట్లో పూజకి నాకు పర్వాలేదు. అమ్ముకోవడానికి వేసుకునేవాళ్లయితే ఈ మాట ముందే అడిగి తీసుకోండి.

మూడోది, రెండో మందారం ఆకుల అడుగున పిండినల్లి ఉంది. నేను చూసుకోలేదు, వాళ్లూ చూడలేదు. పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి, లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం కుంకుడు రసం కలిపి వారానికోసారి మూడుసార్లు కొడితే పోయింది. అప్పటి నుంచి ఏ కొత్త మొక్కనైనా వారం రోజులు విడిగా ఉంచాకే మిగతావాటి దగ్గర పెడుతున్నాను.

బిల్లు ఇవ్వరు, ఒక నోటుబుక్కులో రాసుకుంటారు. ఫోన్‌పే ఉంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా గేటు వేసేస్తారు. గూడ్స్ ఆటోకి మా ఇంటి దాకా 200 తీసుకున్నారు. ధరలు బండి మీద అమ్మేవాళ్ల కంటే పది ఇరవై రూపాయలు ఎక్కువే ఉంటాయి. నేను కిందటేడు బండి మీద కొన్న పదకొండు మొక్కల్లో ఒక్కటీ లేదు. ఇక్కడ కొన్నవాటిలో కోకోపీట్‌లో పోయిన మొలకలు తప్ప ఇప్పటిదాకా పోయింది ఒక్క కనకాంబరమే, అదీ పిల్లి పడుకుని.

మొక్కల సంగతి ఇప్పుడు ఇలా ఉంది. బంతి నాటిన పదిహేను రోజులకి తల తుంచాను, చెప్పినట్టే. చేతులు రాలేదు మొదట, లేత తల అలా గిల్లేయడానికి. పక్క కొమ్మలు వచ్చి ఒక్కో మొక్క గుబురుగా నిండింది. నాటు గులాబీ మొదటి మొగ్గలు రెండూ తీసేయమంటే తీసేశాను, ఇప్పుడు ఐదు మొగ్గలతో ఉంది. అంటు గులాబీ ఇంకా ఆకే వేస్తోంది. మందారం పచ్చగా ఉంది. లిల్లీ గడ్డల్లో ఎనిమిది మొలిచాయి. ఎండలు బాగా ముదిరాయి కాబట్టి మడి మీద ఎండుటాకులు, గడ్డి పరిచాను, తెల్లవారుజామునే నీళ్లు పెడుతున్నాను. మిట్టమధ్యాహ్నం మొక్క వాడినట్టు కనబడినా అప్పుడు నీళ్లు పోయకుండా సాయంత్రం దాకా ఆగి చూడమని పిన్ని మాట. సాయంత్రానికి తనే లేచి నిలబడితే నీళ్లు చాలినట్టే.

మల్లె ఉగాది వెళ్లిన నాలుగో రోజు మొదటి మొగ్గలు తొడిగింది. ఇప్పుడు రోజూ సాయంత్రం దోసెడు వస్తున్నాయి. మొగ్గ విచ్చకముందే, నాలుగున్నరకి కోయాలి. మా అత్తగారు నాలుగింటికే అరుగు మీద కూర్చుని బుట్ట అడుగుతారు. కిందటి మంగళవారం దండలో మల్లె, మధ్య మధ్యలో కనకాంబరం, చివర రెండు బంతిపూలు, అన్నీ మా ఇంటివే. కట్టడానికి గంటన్నర తీసుకున్నారు.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. ఉదయం ఏడింటికల్లా వెళ్లండి, బాబాయ్ గానీ పిన్ని గానీ ఉన్నారో లేదో చూసుకోండి. మీ పాత మొక్కల ఆకులు లేతవి, ముదురువి చెరొకటి, మడిలో జానెడు లోతు నుంచి తీసిన గుప్పెడు మట్టి వెంట తీసుకెళ్లండి. మీ ఇంటి ముందు వీధి లైటు ఎటు పడుతుందో కూడా చూసుకుని వెళ్లండి, అడుగుతారు. చామంతి పూసిందో లేదో డిసెంబరులో ఇక్కడే రాస్తాను.